ముందు ఒంట్లోకి, తర్వాత పరీక్షకు

రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషన్ అనగానే సినిమా తారలే గుర్తుకొస్తారు గానీ, ఆ కథ మొదలైంది జబ్బుతోనే. 1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ ఒక రంగస్థల కళాకారిణి రొమ్ములో గడ్డ తీశాడు. ఏర్పడిన లోటును ఆమె నడుం దగ్గరి కొవ్వుగడ్డతోనే పూడ్చాడు. బయటి పదార్థమేదీ వాడలేదు. ఆ నిగ్రహం ఎన్నాళ్లో నిలవలేదు. కొద్ది ఏళ్లకే వియన్నాలో గెర్సునీ అనే సర్జన్ పారఫిన్ మైనం ఎక్కించడం మొదలుపెట్టాడు. మైనం ఒంట్లో చోటు మారింది, గట్టి గడ్డలు కట్టింది, చర్మం పుండ్లు పడింది. 1950లలో స్పాంజిలు పెట్టారు. కణజాలం అల్లుకుపోయి అవీ బిగుసుకుపోయాయి. యుద్ధానంతర జపాన్‌లో ద్రవరూప సిలికాన్‌ను నేరుగా సూదితో ఎక్కించారు. ఆ పద్ధతి అమెరికాలోని లాస్‌వేగాస్ డ్యాన్సర్ల దాకా పాకింది. కొందరికి చివరికి రొమ్ములే తీసేయాల్సి వచ్చింది. 1970లలో నెవాడా రాష్ట్రం దాన్ని నేరంగా ప్రకటించింది.

ఈలోగా టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో ఫ్రాంక్ గెరో అనే యువ సర్జన్‌ చేతికి రక్తం నింపిన ప్లాస్టిక్ సంచి వచ్చింది. నొక్కి చూస్తే అచ్చం రొమ్ములా మెత్తగా తగిలిందట. సీనియర్ థామస్ క్రోనిన్‌తో కలిసి, డౌ కార్నింగ్ కంపెనీ సాయంతో సిలికాన్ జెల్ నింపిన సంచి తయారు చేయించాడు. మొదట పెట్టింది ఎస్మెరాల్డా అనే ఆడకుక్కకు. కొన్ని వారాలకు అది కుట్లు కొరుక్కోవడంతో తీసేశారు. ప్రయోగం సఫలమైందనే అనుకున్నారు. 1962లో ఒక ఫ్యాక్టరీ కార్మికురాలు, ఆరుగురు పిల్లల తల్లి, రొమ్ముల మీది పచ్చబొట్లు చెరిపించుకుందామని ధర్మాసుపత్రికి వచ్చింది. ఇది పెట్టించుకుంటావా అని డాక్టర్లే అడిగారు. ఆమెకు కావలసింది చెవులు సరిచేయించుకోవడం. సరే, రెండూ చేస్తామన్నారు. ప్రపంచంలో తొలి సిలికాన్ ఇంప్లాంట్లు అలా, అడగని మనిషి ఒంట్లోకి చేరాయి.

అమెరికాలో వైద్య పరికరాల మీద గట్టి చట్టం వచ్చింది 1976లో. అప్పటికే అమ్మకంలో ఉన్నందుకు ఈ ఇంప్లాంట్లు పరీక్షలు లేకుండానే గట్టెక్కాయి. అంతకు ముందు ఏడాది డౌ కార్నింగ్ తన సేల్స్ సిబ్బందికి పంపిన ఒక మెమో తర్వాత కోర్టుల్లో బయటపడింది. కొత్త నమూనాలు చేతులు పడేకొద్దీ జిడ్డుగా అవుతున్నాయి, డాక్టర్లకు చూపే ముందు దగ్గర్లోని వాష్‌రూమ్‌లో కడిగి తుడవండి అని దాని సారాంశం. జెల్ పొరలోంచి బయటికి ఊరుతోందని కంపెనీకి తెలుసనడానికి వేరే సాక్ష్యం ఎందుకు?

1992లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అధిపతి డేవిడ్ కెస్లర్ సిలికాన్ ఇంప్లాంట్ల వాడకాన్ని దాదాపుగా ఆపేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కేసుల వరదకు డౌ కార్నింగ్ 1995లో దివాలా రక్షణ కోరింది. ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని దాటవేస్తే న్యాయం కాదు. కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులు ఇంప్లాంట్ల వల్లే వచ్చాయన్న ఆరోపణకు మేయో క్లినిక్ అధ్యయనం గానీ, 1999 నాటి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక గానీ బలం చేకూర్చలేదు. చిరగడం, చుట్టూ మచ్చకణజాలం బిగుసుకోవడం, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు మాత్రం నిజమేనని ఆ నివేదికే తేల్చింది. 2006లో అనుమతి తిరిగొచ్చింది.

ఫ్రాన్స్‌లో జరిగింది మాత్రం పచ్చి మోసం. పీఐపీ కంపెనీ యజమాని జాన్-క్లోడ్ మాస్, పారిశ్రామిక అవసరాలకు వాడే చవక సిలికాన్‌ను ఇంప్లాంట్లలో నింపాడు. తనిఖీదారులు వస్తున్నారంటే సరుకు దాచేవారు. 2010లో గుట్టు రట్టయ్యేసరికి దాదాపు 3 లక్షల మంది ఒంట్లో ఆ సరుకుంది. 2013లో అతనికి నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

కోర్టులన్నీ కీళ్లవాతం కోసం వెతుకుతుంటే, ఎవరూ ఊహించని వైపు నుంచి మరో జబ్బు వచ్చింది. ఇంప్లాంట్ల చుట్టూ అరుదైన లింఫోమా క్యాన్సర్ పుట్టే అవకాశముందని 2011లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2019లో అలర్‌గాన్ కంపెనీ గరుకు ఉపరితలమున్న తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

ఇంతా చెప్పి, ఈ ఆపరేషన్‌నే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. క్యాన్సర్‌కు రొమ్ము తీయించుకున్న మనిషికి ఇది విలాసం కాదు. 2018లో చెన్నై స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో పేదలకు ఉచితంగా చేస్తామన్నప్పుడు ఎగతాళి చేసినవాళ్లు ఆ సంగతి మరిచారు. నా ఫిర్యాదల్లా వరస మీదే: మైనం నుంచి బయోసెల్ దాకా వస్తువు ముందు వెళ్లింది, రుజువు వెనక నడిచింది.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు. మార్చాల్సో తీయాల్సో రావచ్చు. అందుకే, ఇప్పటికే పెట్టించుకున్నవారు కంపెనీ పేరు, రకం, లాట్ నంబరు ఉన్న కార్డును పోగొట్టుకోకండి. ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాపు వస్తే వెంటనే సర్జన్‌కు చూపించుకోండి. పెట్టించుకోబోయేవారు కత్తికి ముందే ఆ వివరాలు కాగితం మీద రాయించుకోండి.