ఊరెళ్తున్నారా? కెమెరా కంటే ముందు గొళ్లెం చూసుకోండి!

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తలుపుకు వేలాడే తాళంకప్పే దొంగకు కబురు చెప్పేస్తుంది.. ఇంట్లో ఎవరూ లేరని! అందుకే బయటికి వేలాడని ఇంటర్‌లాక్ మేలు. తాళంకప్పే వేస్తామంటే ముందు గొళ్లెం చూసుకోవాలి. కప్ప ఎంత ఖరీదైనదైనా, చిన్న స్క్రూలతో బిగించిన గొళ్లెం ఇనుప రాడ్డు పెట్టి లాగితే ఊడొచ్చేస్తుంది. తలుపు లోపలి వైపు నట్టు బిగించే బోల్టులు వేయిస్తే అంత తేలిగ్గా రాదు. ఖర్చూ తక్కువే. పెరటి తలుపుకూ ఇదే పని చేయించాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

సీసీ కెమెరా దొంగను పట్టిస్తుందేమో గానీ తలుపును కాపాడదు. పైగా రికార్డర్ టీవీ పక్కనే ఉంటే దాన్నీ ఎత్తుకెళ్తారు! నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టి, పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లాలి. తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్లొద్దు, వేలిముద్రలు చెరిగిపోతాయి. గుమ్మం బయటి నుంచే 112కు ఫోన్ చేయాలి.