అచ్చు పుట - చదువరి హక్కు

మన సాహిత్య చరిత్రకారులు కవి కాలాన్ని నిర్ణయిస్తారు, కావ్య వస్తువును చర్చిస్తారు. ఆ కావ్యం ఏ రూపంలో చదువరి కంటబడిందో మాత్రం సాధారణంగా విచారించరు. కాని చదువు ఎవరి సొత్తుగా వుండేదో పుట రూపం చాలావరకు చెబుతుంది.

తాళపత్రాన్ని చూడండి. గంటంతో గీసిన అక్షరాలు యీ చివరనుంచి ఆ చివరకు ఏకధాటిగా సాగుతాయి. మాటకూ మాటకూ ఎడం లేదు. పద్యపాదం విడిగా నిలవదు. గీయటంలోని శ్రమ కొంత కారణం కావచ్చు. ఓడలరేవు మొదలుకొని కోనసీమ అంతటా తాటిచెట్లకు కొదవ లేదు కనుక ఆకుల కరువని మాత్రం అనలేం. అసలు సంగతి వేరు. ఆ ప్రతి గురుముఖతః విన్నవాడికోసం, సగం కంఠస్థం వున్నవాడికోసం తయారయింది. కొత్తగా అక్షరాలు దిద్దినవాడు ఒంటరిగా కూర్చుని చదువుకోవాలనే ఊహ ఆ భూస్వామ్య సమాజానికి లేదు.

ఐరోపాలోనూ యిదే కథ. పాత లాటిన్ ప్రతుల్లో మాటల మధ్య ఎడం వుండేది కాదు. లాటిన్ మాతృభాష కాని ఐర్లండు సన్యాసులు 7, 8 శతాబ్దాల్లో మాటలను విడదీసి రాయసాగారు. భాష రానివాడి అవసరమే అక్కడ పుటను మార్చింది.

మనకు అచ్చు వచ్చింది. 1746లో జర్మనీలోని హాలేలో షుల్జ్ తెలుగులో మతగ్రంథం అచ్చువేశారు. 1829లో బ్రౌన్ మద్రాసులో వేమన పద్యాలు ప్రకటించారు. 1854లో అక్కడే వావిళ్ళ రామస్వామిశాస్త్రులు ముద్రణాలయం స్థాపించారు. క్రమంగా పద్యపాదాలు విడిపోయాయి. టీకా తాత్పర్యాలు వేరుగా నిలిచాయి. అయితే యీ మార్పు యంత్రం ఒక్కటే తెచ్చింది కాదు. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలో వచనం సంధులతో బిగిసి వుంది. సంధిలో కలిసిపోయిన మాటల మధ్య ఏ కంపోజిటరు ఎడం పెట్టగలడు? వీరేశలింగం వచనంలో సంధి నియమాన్ని సడలించారు. గిడుగు రామమూర్తి 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి వాడుకభాషకోసం పోరాడారు. భాష విడివడిన తరువాతే పుట నిజంగా విడివడింది.

1991లో యూనికోడులో తెలుగు చేరింది. నేడు ఫోను వున్న ప్రతివాడూ కంపోజిటరే. కాని ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే కొలతలు మన అక్షరానికి చాలవు. ‘రాష్ట్రం’ అనే మాటలో రెండు వత్తులు కిందికి దిగుతాయి; కింది పంక్తిలోని గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య జాగా లేకపోతే అవి ఢీకొంటాయి. చిన్న అక్షరాన్ని మరీ లావు చేస్తే ప-ఫ, ద-ధ ఒకటిగా కనబడతాయి. మన మాటలు పొడుగు. ఇరుకు పుటలో రెండు అంచులూ సమం చేయబోతే మధ్య గండ్లు పడతాయి. ఎడమ అంచు సరిచేసి కుడి అంచును వదిలేయటం మేలు.

ఇవి సోకులు కావు. తన ఇంట్లో మొదటిసారి చదువుకున్న వ్యవసాయకూలీ కూతురికి, పత్రికకూ మధ్య యీ అడ్డంకులే నిలుస్తాయి. ప్రజలకోసం రాస్తున్నామనే మనం కూడా రెండు పుటల పొడవునా పేరా విరవకుండా, ఉపశీర్షిక లేకుండా రాస్తున్నాం. పండితుడు ఎలాగూ చదువుకుంటాడు. దూరమయ్యేది ఆ అమ్మాయే. కనుక ఒక భావానికి ఒక పేరా, పంక్తికీ పంక్తికీ తగినంత జాగా, కంటికి ఆనే అక్షరం - వీటిని మన పత్రికలు, కరపత్రాలు, పాఠాలు నియమంగా పాటించాలి.