తూర్పు బెంగాల్ 1954: ఓటర్లు తేల్చారు, కరాచీ ఒప్పుకోలేదు

పాకిస్తాన్ ఏర్పడి ఏడేళ్లు నిండకముందే, ఆ దేశాన్ని సాధించిన పార్టీ దేశ జనాభాలో సగానికి పైగా నివసించే ప్రావిన్సులో తుడిచిపెట్టుకుపోయింది. 1954 మార్చి 8 నుంచి 12 వరకు తూర్పు బెంగాల్ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. ముస్లింలకు కేటాయించిన 237 స్థానాల్లో ముస్లిం లీగ్‌కు దక్కినవి 9. ప్రతిపక్షాల కూటమి యునైటెడ్ ఫ్రంట్‌కు వచ్చినవి 223. ముఖ్యమంత్రి నూరుల్ అమీన్ తన సొంత నియోజకవర్గంలో ఖాలెక్ నవాజ్ ఖాన్ అనే విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయారు.

అంత మెజారిటీతో ఏర్పడిన ప్రభుత్వం రెండు నెలలు కూడా నిలవలేదు. అప్పటి రాజధాని కరాచీ నుంచి వచ్చిన ఒక్క ఉత్తర్వుతో అది పోయింది. బంగ్లాదేశ్ కథను చాలామంది 1970 ఎన్నికలతో మొదలుపెడతారు. గెలిచినవారికి అధికారం దక్కనివ్వకపోవడం మాత్రం అంతకు పదహారేళ్ల ముందే మొదలైంది.

ఎన్నికలు ఎందుకు ఆలస్యమయ్యాయి?

దేశ విభజనకు ముందు 1946లో ఎన్నికైన సభ్యులతోనే తూర్పు బెంగాల్ శాసనసభ నడుస్తూ వచ్చింది. 1951లో గడువు ముగిసినా ఎన్నికలు పెట్టలేదు. 1949లో టంగాయిల్ ఉప ఎన్నికలో అధికార పార్టీ అభ్యర్థి ఓడిపోయాక, ఖాళీ అయిన స్థానాలను భర్తీ చేయడమే మానేశారు. అలా ముప్పైకి పైగా స్థానాలు ఖాళీగా ఉండిపోయాయి.

ఈలోగా జనంలో కోపం పెరిగింది. 1951లో ఉప్పు ధర సామాన్యుడికి అందనంత ఎత్తుకు వెళ్లింది. కొరియా యుద్ధకాలంలో పెరిగిన జనపనార ధర ఆ తర్వాత పడిపోయి రైతును ముంచింది. జనపనార ఎగుమతితో వచ్చే విదేశీ మారకం పశ్చిమ పాకిస్తాన్ అభివృద్ధికే ఖర్చవుతోందన్న భావన బలపడింది. వీటన్నిటికీ పైన భాష సమస్య ఉంది. 1948 మార్చిలో ఢాకాలో జిన్నా ఉర్దూయే ఏకైక రాజభాష అని ప్రకటించారు. బెంగాలీని కూడా గుర్తించాలని 1952 ఫిబ్రవరి 21న రోడ్డెక్కిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటి ముఖ్యమంత్రి నూరుల్ అమీనే.

1951లో పంజాబ్, వాయవ్య సరిహద్దు ప్రావిన్సుల్లో, 1953లో సింధ్‌లో జరిగిన ఎన్నికల్లో ముస్లిం లీగ్ గెలిచింది. తూర్పున కూడా గట్టెక్కుతామని ఆ పార్టీ పెద్దలు అనుకున్నారు.

ముగ్గురు పెద్దలు, 21 సూత్రాలు

యునైటెడ్ ఫ్రంట్ 1953 డిసెంబర్‌లో ఏర్పడింది. దానికి ముఖ్యులు ముగ్గురు. 80 ఏళ్ల ఎ.కె. ఫజ్లుల్ హక్ కృషక్ శ్రామిక్ పార్టీ నాయకుడు. 1940లో లాహోర్ తీర్మానాన్ని ప్రతిపాదించిన మనిషి ఆయనే. మిగతా ఇద్దరు మౌలానా భాసానీ, హుసేన్ షహీద్ సుహ్రవర్దీ. వీరు అవామీ ముస్లిం లీగ్ నాయకులు. నిజాం-ఎ-ఇస్లాం, గణతంత్రి దళ్ కూడా కూటమిలో చేరాయి. మతవాదులు, వామపక్షీయులు ఒకే గొడుగు కిందికి వచ్చారంటే ముస్లిం లీగ్ మీద వ్యతిరేకత ఎంతగా ఉందో తెలుస్తుంది.

ఫిబ్రవరి 21కి గుర్తుగా కూటమి తన ప్రణాళికను 21 సూత్రాలుగా రాసుకుంది. బెంగాలీకి రాజభాష హోదా, పరిహారం లేకుండా జమీందారీ రద్దు, జనపనార వ్యాపారం జాతీయీకరణ, భాషా అమరులకు స్మారకం అందులో ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది 19వ సూత్రం. రక్షణ, విదేశాంగం, కరెన్సీ మాత్రమే కేంద్రం దగ్గర ఉంచి, మిగతా అధికారాలన్నీ ప్రావిన్సుకు ఇవ్వాలన్నది దాని సారాంశం.

సీట్ల లెక్క

సభలో మొత్తం 309 స్థానాలు. వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చినా, ఓటర్లను మతాల వారీగా విడదీసే పాత పద్ధతి మాత్రం కొనసాగింది. ముస్లింలు ముస్లిం అభ్యర్థులకే, హిందువులు హిందూ అభ్యర్థులకే ఓటేయాలి. అందుకే 237 ముస్లిం స్థానాలు, 72 ముస్లిమేతర స్థానాలు వేర్వేరుగా కనిపిస్తాయి. ఫ్రంట్, లీగ్ మధ్య పోటీ జరిగింది ఆ 237లోనే. ఫలితాల తర్వాత స్వతంత్రులు అటూ ఇటూ చేరడంతో ఈ అంకెలు పుస్తకానికో రకంగా కాస్త మారుతుంటాయి.

కూటమిలో ఎక్కువ స్థానాలు అవామీ ముస్లిం లీగ్‌వే. అయినా ముఖ్యమంత్రి పదవి హక్‌కు దక్కింది. కూటమి బలహీనత కూడా అక్కడే బయటపడింది. ఏప్రిల్ 3న నలుగురితో మొదలైన మంత్రివర్గంలో అవామీ ముస్లిం లీగ్‌కు చోటు లేదు. బేరసారాలు ముగిసి విస్తరణ జరిగేసరికి మే 15 వచ్చింది. ఆ రోజు ప్రమాణం చేసినవారిలో గోపాల్‌గంజ్ నుంచి గెలిచిన షేక్ ముజిబుర్ రెహమాన్ ఒకరు.

ప్రభుత్వం ఎలా పోయింది?

అదే మే 15న నారాయణ్‌గంజ్ దగ్గర ఆదమ్‌జీ జనపనార మిల్లులో బెంగాలీ, బెంగాలీయేతర కార్మికుల మధ్య ఘర్షణలు చెలరేగి వందల మంది చనిపోయారు. అంతకుముందు మార్చిలో చంద్రఘోనా కాగితం మిల్లులోనూ ఇలాంటి హింసే జరిగింది. శాంతిభద్రతలు కాపాడలేకపోయారన్నది ప్రభుత్వంపై వచ్చిన మొదటి ఆరోపణ.

రెండోది దేశద్రోహం. కలకత్తా వెళ్లిన హక్ అక్కడ రెండు బెంగాల్‌ల అనుబంధం గురించి మాట్లాడారు. ఆ తర్వాత ఆయన తూర్పు బెంగాల్‌కు స్వాతంత్ర్యం కోరుకుంటున్నారని న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. తాను అలా అనలేదని హక్ ఖండించారు. కరాచీ వినలేదు. ప్రధాని మహమ్మద్ అలీ బోగ్రా ఆయనను ద్రోహిగా ప్రకటించారు. బోగ్రా కూడా బెంగాలీయే.

మే 30న గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి గవర్నర్ పాలన పెట్టారు. ఇస్కందర్ మీర్జా గవర్నర్‌గా వచ్చారు. హక్‌ను ఇంటికే పరిమితం చేశారు. ముజిబ్‌ను అరెస్టు చేశారు.

ఇందుకు వాడిన ఆయుధం 92-ఎ సెక్షన్. 1935 భారత ప్రభుత్వ చట్టంలో బ్రిటిష్‌వారు పెట్టిన 93వ సెక్షన్‌ను పాకిస్తాన్ మొదట తీసేసింది. తర్వాత 1948లో అలాంటి అధికారాన్నే 92-ఎ పేరుతో తిరిగి తెచ్చుకుంది. మన రాజ్యాంగంలోని 356వ అధికరణ మూలాలు కూడా ఆ 93వ సెక్షన్‌లోనే ఉన్నాయి. మెజారిటీ ఎవరికి ఉందో సభలోనే తేల్చాలని మన సుప్రీంకోర్టు బొమ్మై కేసులో 1994లో చెప్పింది. తూర్పు బెంగాల్‌లో మెజారిటీ ఎవరిదన్న అనుమానం ఎవరికీ లేదు. ఆ మెజారిటీకి విలువ ఇవ్వలేదంతే.

ఫలితం వృథా అయిందా?

పూర్తిగా కాలేదు. మే 7న రాజ్యాంగ సభ ఉర్దూతో పాటు బెంగాలీని కూడా రాజభాషగా అంగీకరించింది. 1956 రాజ్యాంగంలో అది చేరింది. ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న బర్దమాన్ హౌస్‌లో 1955 డిసెంబర్‌లో బంగ్లా అకాడమీ మొదలైంది. అది కూడా 21 సూత్రాల్లో ఒకటే. ఫ్రంట్ గుర్తు పడవ తర్వాత అవామీ లీగ్ గుర్తుగా స్థిరపడింది. 1955లో ఆ పార్టీ తన పేరులోంచి ‘ముస్లిం’ మాటను తీసేసింది.

కూటమి మాత్రం మిగల్లేదు. పంజా విసిరిన కరాచీయే పదవులు కూడా పంచింది. సుహ్రవర్దీ 1954 డిసెంబర్‌లో బోగ్రా మంత్రివర్గంలో న్యాయ మంత్రి అయ్యారు. ద్రోహి అనిపించుకున్న హక్ ఏడాది తిరిగేసరికి కేంద్ర హోం మంత్రి, 1956లో తూర్పు పాకిస్తాన్ గవర్నర్ అయ్యారు. అప్పటికే ఫ్రంట్ రెండు ముక్కలైంది. 1958 సెప్టెంబర్‌లో సభలో జరిగిన కొట్లాటలో గాయపడిన డిప్యూటీ స్పీకర్ షాహెద్ అలీ చనిపోయారు. అక్టోబర్ 7న సైనిక పాలన వచ్చింది.

1954 నుంచి 1970కి

1970 డిసెంబర్‌లో తూర్పు పాకిస్తాన్ ఓటర్లు మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా చెప్పారు. జాతీయ అసెంబ్లీకి అక్కడున్న 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్‌కు వచ్చాయి. ప్రావిన్సు శాసనసభలో 300కు 288. అప్పటి ఆరు సూత్రాల్లో ప్రధానమైన స్వయంప్రతిపత్తి డిమాండ్ 1954 నాటి 19వ సూత్రానికి కొనసాగింపే. ఈసారి తీర్పును పక్కన పెట్టడానికి ఒక సెక్షన్ సరిపోలేదు. 1971 మార్చి 25న సైన్యాన్ని దింపారు. తొమ్మిది నెలల్లో దేశం రెండయింది.

1970లో తూర్పున అవామీ లీగ్‌కు దక్కని ఆ రెండు స్థానాల్లో ఒకటి గెలిచింది నూరుల్ అమీన్. 1954లో విద్యార్థి చేతిలో ఓడిన ఆ ముఖ్యమంత్రి, 1971 డిసెంబర్ 7న పాకిస్తాన్ ప్రధాని అయ్యారు. పదవిలో ఉన్నది రెండు వారాల లోపే. ఆయన ప్రధానిగా ఉండగానే డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.