అసున్సియోన్ నగరపు నీటి వర్తకులు

దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశమునకు రాజధాని అసున్సియోన్. అచ్చట నీటి సరఫరాకై ప్రభుత్వము 1954లో కోర్పోసానా అను సంస్థను నెలకొల్పినది. కాని నగరము పెరిగినంత వేగముగా దాని గొట్టములు పెరుగలేదు. శివార్లలోని జనులకు నీటి యెద్దడి తప్పలేదు.

ఈ లోటు తీర్చినవారు ‘అగ్వాతెరోలు’, అనగా నీటి వర్తకులు. వీరు సొంత డబ్బుతో గొట్టపుబావులు త్రవ్వించి, పంపులతో నీటిని ఎత్తైన ట్యాంకులకు ఎక్కించి, ఇంటింటికి కుళాయి నిచ్చిరి. ప్రభుత్వ సహాయము లేకయే 1990వ దశకము నాటికి ఇట్టి చిన్న సంస్థలు వందలకొలది వెలసినవి. 2000లో వచ్చిన 1614వ సంఖ్య గల శాసనము వీరిని ప్రభుత్వ పర్యవేక్షణ క్రిందికి తెచ్చినది.

అయితే నీరు తెచ్చినవారు మురుగును తీసికొనిపోలేదు. కుళాయి రాగానే వాడకము పెరిగినది. వాడిన నీరు పెరటి గుంటలలో ఇంకినది. ఆ నేల అడుగుననే ఇసుక పొరలలో, బావులకు నీరిచ్చు పాతిన్యో భూగర్భ జలాశయము కలదు. మురుగు దానిలోనికి దిగి, నీటిలో నైట్రేట్లు, మలసంబంధమైన సూక్ష్మజీవులు కనబడినవి. కుళాయికి వెల యిచ్చు గృహస్థు మురుగుకాలువకు వెల యిచ్చుటకు వెనుదీయును. కనుక వర్తకుడును దాని జోలికి పోడు. నీరు వచ్చు త్రోవతోపాటు పోవు త్రోవను కూడ ఊరంతయు కలిసి ఏర్పరచుకొనవలసినదే.