సరుకు వచ్చింది, లెక్క తేలలేదు: గోదాం గుమ్మం దగ్గర 200 ఏళ్ళ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది మీలో చాలామంది రోజూ చేసే పని గురించే. కంటైనర్ తలుపు తీయడం, కార్టన్లు దించడం, లెక్కపెట్టడం, స్కాన్ చేయడం, చివర్లో కాగితం మీద సంతకం పెట్టడం. వేర్‌హౌస్ భాషలో దీన్ని రిసీవింగ్ అంటారు, కొన్నిచోట్ల ఇన్‌బౌండ్ అంటారు. పనిలో ఉండి వింటే సంవత్సరాలూ అంకెలూ చెవిన నిలవవు కాబట్టి, ఆ కథని ఇక్కడ నింపాదిగా రాస్తున్నాం.

ముందు గొడవ ఏమిటో చూద్దాం. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే ఒక చిన్న వ్యాపారి ఉన్నాడనుకోండి. సొంత గోదాం లేదు. సరుకు దాచి, ఆర్డర్ వచ్చినప్పుడు ప్యాక్ చేసి పంపే ఇంకో కంపెనీతో మాట్లాడుకున్నాడు. 40 కార్టన్లు పంపాడు, కార్టన్‌కి 24 చొప్పున 960 పీసులు. ట్రక్కు చేరినట్టు సంతకం ఉంది. పది రోజులైనా సిస్టమ్‌లో సున్నాయే. పదకొండో రోజు 912 కనిపించాయి. మిగతా 48 ఏమయ్యాయి? వ్యాపారి గోదాం వాళ్ళని అడుగుతాడు, గోదాం వాళ్ళు ట్రక్కు వాళ్ళ మీద చెబుతారు, ట్రక్కు వాళ్ళు సంతకం చూపిస్తారు. తిరిగి తిరిగి మాట ఒక్కచోట ఆగుతుంది: "ఆ రోజు షిఫ్టులో ఎవరున్నారు?" చాలాసార్లు అక్కడ ఉండేది మనవాడే.

ఈ గొడవ కంప్యూటర్లతో పుట్టింది కాదు. గోదాం అనే మాటకే చాలా ప్రయాణం ఉంది. ఇంగ్లీషువాళ్ళ గోడౌన్ మలయ్ భాషలోని గుడాంగ్ నుంచి వచ్చిందనీ, దానికి మూలం మన తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అయి ఉండొచ్చనీ 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు రాసింది. సముద్రం మీద సరుకు తిరిగిన దారిలోనే మాటా తిరిగింది. అయితే ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతి, అంటే ఒకరి సరుకుని ఇంకొకరు లెక్కపెట్టి దాచి బాధ్యత తీసుకునే పద్ధతి, ఎలా కుదురుకుందో తెలియాలంటే లండన్ వెళ్ళాలి.

18వ శతాబ్దం చివర. థేమ్స్ నదిలో ఓడల మీద ఓడలు. సుంకం కట్టాల్సిన సరుకుని ప్రభుత్వం అనుమతించిన 20 రేవుల్లోనే దించాలని పాత చట్టం. వెస్టిండీస్ నుంచి చక్కెర, రమ్ము తెచ్చే ఓడలు గుంపులుగా ఒకేసారి వచ్చిపడేవి. ఆ చక్కెర పండించింది కరీబియన్ దీవుల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు. ఓడ వచ్చేసింది, సరుకు మాత్రం దిగదు. వారాల తరబడి నదిలోనే ఆగేది. ఆ ఆగిన రోజుల్లోనే పీపాలకు కన్నాలు పడేవి, బస్తాలు మాయమయ్యేవి. పాట్రిక్ కోల్కూన్ అనే మేజిస్ట్రేటు, జాన్ హారియట్ కలిసి 1798లో నది మీద కాపలాకి పోలీసు దళం పెట్టించారు. 1802లో వ్యాపారులు ఎత్తైన గోడల మధ్య వెస్ట్ ఇండియా డాక్స్ కట్టుకున్నారు. ఓడ లోపలికే వస్తుంది, పక్కనే గోదాములు. 1803లో వచ్చిన చట్టంతో సరుకు అమ్ముడయ్యేదాకా సుంకం కట్టకుండా అక్కడే దాచుకునే వీలు కూడా దొరికింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డాక్ కంపెనీ ఆ చక్కెర కొనలేదు, అమ్మలేదు. వేరేవాళ్ళ సరుకు దించి, తూకం వేసి, గుర్తులు చూసి, పుస్తకంలో రాసి, వారంట్ అనే కాగితం ఇచ్చింది. వ్యాపారి ఆ కాగితం చేతికిచ్చి సరుకు అమ్మేసేవాడు. కొన్నవాడు పీపా మొహం కూడా చూసేవాడు కాదు. అంటే గుమ్మం దగ్గర గుమాస్తా రాసిన అంకే ఆస్తి అయింది. ఇవాళ సిస్టమ్‌లో 912 అని కనిపిస్తే, అమ్ముకోవడానికి ఉన్నవి ఆ 912 మాత్రమే. అరలో 960 ఉన్నా లాభం లేదు.

అంకెకి అంత విలువ వచ్చాక, అది తప్పయితే నష్టం ఎవరిదన్న ప్రశ్న రాక తప్పదు. అమెరికాలో 1906లో గోదాం రసీదుల మీద రాష్ట్రాలన్నిటికీ పనికొచ్చే ఒక నమూనా చట్టం తయారైంది. రసీదులో రాసిన సరుకు నిజానికి లేకపోతే గోదాం వాళ్ళు నష్టం కట్టాలి. కానీ ఒక మినహాయింపు పెట్టారు. "పెట్టెల్లో ఫలానా సరుకు ఉందని చెప్పారు" అన్న అర్థంలో రాస్తే, లోపల ఏముందన్న బాధ్యత వాళ్ళ మీద పడదు. 1916లో రవాణా కాగితాల మీద వచ్చిన చట్టం కూడా ఇదే దారి పట్టింది. సరుకు ఎక్కించిందీ లెక్కపెట్టిందీ పంపినవాడే అని రాసి ఉండి, అది నిజమైతే, రవాణా కంపెనీ తప్పుకోవచ్చు. మీరు కాగితాల మీద చూసే "సెడ్ టు కంటైన్", "షిప్పర్స్ లోడ్ అండ్ కౌంట్" అనే ముక్కలు అలా నిలబడినవే. పెద్ద కంపెనీలు తాము చూడని సరుకుకి పూచీ పడకుండా వందేళ్ళ కిందటే జాగ్రత్త పడ్డాయన్నమాట.

ఆ రోజుల్లో లెక్క ఓడ పక్కనే జరిగేది. బస్తా బస్తాకీ టాలీ క్లర్కు గీత గీసేవాడు. 1956 ఏప్రిల్ 26న ఇదంతా మారడం మొదలైంది. ట్రక్కుల వ్యాపారి మాల్కం మెక్‌లీన్ తన ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు పెట్టి న్యూయార్క్ పక్కన ఉన్న నూవర్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకి 5.83 డాలర్లు పడుతుంటే, ఈ పద్ధతిలో 16 సెంట్ల లోపే పడిందని లెక్క కట్టారు. రేవు ఖర్చు అలా పడిపోయింది. కానీ లెక్కపెట్టే పని ఎక్కడికీ పోలేదు. రేవులో ఇప్పుడు పెట్టె నంబరు, సీలు చూస్తారు, లోపల ఎన్ని ఉన్నాయో చూడరు. సీలు తెగేది ఎక్కడో ఊరి బయట వేర్‌హౌస్ డాక్ దగ్గర. టాలీ క్లర్కు చేసిన పని అక్కడ కార్టన్లు దించే మనిషి నెత్తిన పడింది.

తర్వాత బార్‌కోడ్ వచ్చింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ తొలిసారి స్కానర్ మీద పలికింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో, సరుకు కంటే ముందే దాని వివరాలు కంప్యూటర్‌లో పంపే పద్ధతి వచ్చింది. దాన్నే ఏఎస్ఎన్ అంటాం. ఏ కార్టన్‌లో ఏముందో ముందే తెలుస్తుంది, వచ్చాక స్కాన్ చేస్తే చాలు. వినడానికి బాగుంది. కానీ స్కానర్ చదివేది లేబుల్‌ని, కార్టన్ లోపలి సరుకుని కాదు. 24 పీసుల కార్టన్ మీద ఒక పీసు కోడ్ అంటించి ఉంటే 24కి బదులు 1 ఎక్కుతుంది. ఒకే రకం చొక్కా, సైజులు రెండు, కోడ్ చివర ఒక్క అంకె తేడా అయితే ఒకదాని లెక్క ఇంకోదాంట్లో కలుస్తుంది. ఏఎస్ఎన్‌లో 40 అని ఉండి 41 వస్తే, ఆ ఒక్కటి పక్కన పెట్టాలి, ఎవరో ఆఫీసు నుంచి జవాబివ్వాలి, అప్పటిదాకా ఆ పాలెట్ కదలదు. ఇందులో చాలా తప్పులు కార్టన్ కట్టినచోటే జరుగుతాయి, బయటపడేది మాత్రం విప్పినచోట.

2006లో అమెజాన్ బయటి వ్యాపారుల సరుకుని తన గోదాముల్లో దాచి, ప్యాక్ చేసి, పంపే సేవ మొదలుపెట్టింది. ఇలాంటి పని చేసే కంపెనీలు అప్పటికే ఉన్నా, వేలకొద్దీ చిన్న వ్యాపారులకి ఈ దారి తెరిచింది అదే. దీంతో సరుకు యజమాని గుమ్మం దగ్గర లేకుండా పోయాడు. వేరే దేశంలో కూర్చుని ఫోన్‌లో అంకె చూస్తాడు. ఇంకో చిక్కు ఉంది. బయటికి వెళ్ళే ఆర్డర్‌కి గడువు ఉంటుంది, ఆలస్యమైతే కొన్నవాడు వెంటనే అరుస్తాడు. లోపలికొచ్చే సరుకు కోసం అలా అరిచేవాడు గుమ్మం దగ్గర ఉండడు. అందుకే పండగ సీజన్ వచ్చిందంటే మనుషుల్ని పికింగ్, ప్యాకింగ్ వైపు మళ్ళిస్తారు, ఇన్‌బౌండ్ పాలెట్లు డాక్ మీద పేరుకుంటాయి. వారం తర్వాత ఇద్దరితో పది మంది పని చేయిస్తారు. తప్పులు పుట్టేది అప్పుడే.

2020 మార్చి 17న, కరోనా మొదట్లో, అమెజాన్ అమెరికా, యూరప్ గోదాముల్లోకి ఇంటి అవసరాలు, వైద్య సామగ్రి లాంటివి తప్ప బయటి వ్యాపారుల కొత్త సరుకు రానివ్వడం ఏప్రిల్ 5 వరకు ఆపేసింది. తర్వాత కొనుగోళ్ళు ఎగబాకి, 2022 జనవరికల్లా లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల కోసం వందకు పైగా కంటైనర్ ఓడలు వరసలో నిలబడ్డాయి. గోదాములు నిండిపోయి, కంటైనర్లు ట్రైలర్ల మీదే యార్డుల్లో ఉండిపోయాయి. ఖాళీ ట్రైలర్లు లేక రేవులో పెట్టెలు కదల్లేదు. థేమ్స్ నదిలో చక్కెర ఓడల కథే మళ్ళీ జరిగింది. దారి ఎంత వెడల్పు చేసినా గుమ్మం ఇరుకైతే సరుకు గుమ్మం బయటే ఆగుతుంది.

గల్ఫ్‌లో ఈ గుమ్మం పేరు జెబెల్ అలీ. రేవు 1979లో, దాని పక్కన ఫ్రీ జోన్ 1985లో మొదలయ్యాయి. చుట్టుపక్కల గోదాముల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన మనవాళ్ళు సరుకు దించుతున్నారు, స్కాన్ చేస్తున్నారు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నారు. కాబట్టి ఈ చరిత్ర నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది. కంపెనీలు రెండు వందల ఏళ్ళుగా తాము చూసినదానికీ చూడనిదానికీ మధ్య కాగితం మీద గీత గీసుకుంటూ వచ్చాయి. ఆ గీత గీసుకునే అవసరం సంతకం పెట్టే కూలీకి ఇంకా ఎక్కువ.

డెలివరీ నోట్ మీద సంతకానికి ముందు సీలు నంబరు కాగితంతో సరిపోయిందా చూడండి. సీలు తెగి ఉంటే తలుపు తీయకముందే సూపర్‌వైజర్‌ని పిలవండి. ఫోన్ లోపలికి రానివ్వనిచోట ఆయన చేతే ఫొటో తీయించండి. కార్టన్లు మాత్రమే లెక్కపెట్టి, లోపలి పీసులు చూడకపోతే, రిమార్క్స్ గడిలో ఆ మాటే రాయండి: "40 కార్టన్లు, లోపల లెక్కించలేదు." తక్కువ వచ్చినా, ఎక్కువ వచ్చినా, తడిసినా అక్కడే రాయించండి. తేదీ, టైము వేయండి. ఇంగ్లీషు రాకపోతే రాసిపెట్టమని అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. రాయొద్దని పైవాళ్ళు చెబితే, ఎవరు ఎప్పుడు చెప్పారో మీ పుస్తకంలో రాసుకోండి.

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే మనవాళ్ళకీ ఒక మాట. సరుకు పంపేముందు ప్రతి కార్టన్ మీద లోపలి లెక్క స్పష్టంగా వేయండి, ఒక కార్టన్‌లో ఒకే రకం పెట్టండి, ఫొటోలు దాచుకోండి. గుమ్మం దగ్గర ఉన్న మనిషికి మీ సరుకు గురించి తెలిసేది ఆ లేబుల్ మీద ఉన్నంతే.