రుణపత్రం – రాజశాసనం

1875 మే 12. పూనా జిల్లా సూపా గ్రామంలో అది సంత రోజు. చుట్టుపక్కల పల్లెల రైతులు ఆనాడు సంతకు కాక సాహుకార్ల ఇళ్ల మీదికి నడిచారు. కొన్ని ధాన్యపు దుకాణాలు లూటీ అయిన మాట నిజమే. కాని వారు ప్రధానంగా కోరినవి పెట్టెలలో భద్రపరచిన రుణపత్రాలు, ఖాతా పుస్తకాలు. ఇచ్చినచోట వాటిని నడివీధిలో తగులబెట్టారు. నిరాకరించినచోట కొన్ని ఇళ్లకే నిప్పంటించారు. అల్లరి అహ్మద్‌నగర్ జిల్లాకు కూడా పాకి ముప్పైకి పైగా గ్రామాలను చుట్టుకొంది. అంత ఆగ్రహంలోనూ మనుషుల ప్రాణాలకు హాని తలపెట్టడం అరుదు. రైతు దృష్టిలో శత్రువు మనిషి కాదు, కాగితం.

ఆ కాగితానికి అంతటి బలం ఎలా వచ్చింది? 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలంలో దక్కను పత్తికి గిరాకీ పెరిగి, అప్పు అడిగినంత పుట్టింది. యుద్ధం ముగిసేసరికి ధర పడిపోయింది. అదే దశాబ్దంలో భూమిశిస్తు సవరణ వచ్చి భారం పెరిగింది. వీటికి తోడు, రైతు మేలుకోరి చేసిన శాసనమే అతని మెడకు చుట్టుకొంది. 1859 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అప్పుపత్రం మూడేళ్లకు కాలదోషం పడుతుంది. వడ్డీ అంతులేకుండా పేరుకోకూడదన్నది దాని ఉద్దేశం. సాహుకారు మాత్రం మూడేళ్లకొకసారి వడ్డీని అసలులో కలిపి, పత్రం తిరగరాయించుకోసాగాడు. న్యాయస్థానం ముందుకు వచ్చేది ఆ చివరి పత్రమే. తొలుత రైతు చేతికి అందినదెంతో అడిగేవారు లేరు.

విచారణసంఘం నివేదిక తరువాత వచ్చిన 1879 నాటి దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టం ఆ ప్రశ్నను అడిగించింది. పత్రం వెనుక ఉన్న లావాదేవీల చరిత్రనంతటినీ తవ్విచూసే అధికారం న్యాయాధికారికి లభించింది. సొమ్ము డిక్రీల అమలులో రైతును ఖైదు చేయడం నిషిద్ధమైంది. ఒప్పందస్వేచ్ఛను పరమధర్మంగా భావించిన ఆనాటి ఆంగ్ల పాలకులకు ఇది చిన్న మెట్టు కాదు. అయితే ఈ దేశపు ధర్మశాస్త్రానికి ఇది కొత్త కాదు. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్న నియమం మనుస్మృతిలోనే ఉంది. దామ్‌దుపట్ అన్న పేరుతో బొంబాయి న్యాయస్థానాలు దానిని పాటిస్తూనే వచ్చాయి. మద్రాసు రాజధానిలో అది చెల్లుబాటు కాలేదు. తెలుగు జిల్లాల రైతు ఆ రక్షణకోసం 1938 దాకా వేచి ఉండవలసివచ్చింది.

1929 తరువాతి ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు సగానికి దిగజారాయి. రూపాయలలో రాసుకొన్న అప్పు మాత్రం తగ్గలేదు. ఒక బస్తాతో తీరవలసిన బాకీకి రెండు బస్తాలు కొలవవలసివచ్చింది. ఎన్.జి.రంగా వంటి నాయకుల ఆధ్వర్యంలో ఆంధ్రరైతులు రుణవిమోచనకోసం ఆందోళన సాగించారు. 1937లో ఏర్పడిన రాజగోపాలాచారి మంత్రివర్గం, టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉండగా, మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టాన్ని తెచ్చింది. 1938 మార్చి 22న అది అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలోని లెక్క నిరక్షరాస్యునికి కూడా బోధపడుతుంది. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతా రద్దు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్టే. వంద తెచ్చి, వడ్డీ కిందనే నూటయాభై కట్టినవాడు మరి యాభై ఇస్తే చాలు. పత్రాన్ని ఎన్నిసార్లు తిరగరాసినా, మొదట తీసుకొన్న సొమ్మే అసలు. కొత్త అప్పులకు వడ్డీ నూటికి సాలుకు ఆరుంపావుగా నిర్ణయించారు. సహకార సంఘాల బాకీలకు ఈ తగ్గింపు వర్తించలేదు.

మరొక మినహాయింపు ఉంది. వేరే ఆస్తి ఏదీ లేని స్త్రీకి రావలసిన బాకీ, అసలు మూడువేల రూపాయలకు మించకపోతే, దానిని తగ్గించరాదు. ఒక్క నిబంధనలో ఆనాటి పల్లె కళ్లకు కడుతుంది. అప్పిచ్చేవాడంటే మార్వాడీయో చెట్టియారో మాత్రమే కాదు. ఎక్కువచోట్ల తోటి రైతే, కొన్నిచోట్ల ఉన్న నాలుగు వందలు వడ్డీకి తిప్పుకొని పొట్టపోసుకొనే వితంతువు. రుణగ్రస్తుని కన్నీరు తుడిచే చట్టం ఎవరి కంటిలో నీరు తెప్పిస్తుందో చట్టకర్తలు ఆలోచించారన్నమాట.

ఆలోచించనిది కూలివానిని గురించి. బి.వి.నారాయణస్వామినాయుడు 1946లో సమర్పించిన నివేదిక ప్రకారం యుద్ధకాలంలో భూస్వాముల అప్పులు బాగా తగ్గగా వ్యవసాయకూలీల అప్పులు పెరిగాయి. చట్టంకన్నా యుద్ధకాలపు ధరలే ఎక్కువ అప్పు తీర్చాయి. అమ్ముకోవడానికి ధాన్యం లేనివానికి ఆ ధరలవల్ల ఒరిగిందేమీ లేదు. తెలంగాణలో నాగు ధాన్యానికీ, భగేలా వెట్టికీ బద్ధుడైన మనిషి పేర అనేకచోట్ల సరైన పత్రమే ఉండేది కాదు. అతని అప్పును రాజ్యం రద్దుచేసింది 1975 అక్టోబరులో, వెట్టిచాకిరి నిర్మూలన ఆర్డినెన్సుతో.

ఈ శాసనాలన్నిటిలో నష్టం భరించినవాడు అప్పిచ్చినవాడే. భావనగర్ సంస్థానం మరో దారి తొక్కింది. 1930లలో దివాన్ ప్రభాశంకర్ పట్టణీ హయాంలో సుమారు 86 లక్షల రూపాయల రైతుబాకీలను సంస్థానమే దాదాపు 20 లక్షల 60 వేలకు పరిష్కరించి, ఋణదాతలకు చెల్లించింది. ఖజానా ధనంతో రుణవిముక్తి కలిగించడం స్వతంత్రభారతంలో పద్ధతిగా మారింది. 1990లో పదివేల రూపాయల పరిమితితోనూ, 2008లో రెండు హెక్టార్ల లోపు రైతులకు పూర్తిగానూ కేంద్రం బకాయిలను మాఫీ చేసింది. 2014 తరువాత రెండు తెలుగు రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. ఇవన్నీ సంస్థాగత రుణాలకే. బ్యాంకు గడప తొక్కని కౌలుదారు వడ్డీవ్యాపారికే బాకీపడి ఉన్నాడు. మాఫీ అతని దాకా చేరలేదు.

ఇక పొలంతో సంబంధం లేని అప్పు సంగతి. 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి చేర్చిన 21ఎ సెక్షను, వడ్డీ అధికమన్న కారణంతో బ్యాంకు లావాదేవీలను న్యాయస్థానాలు తిరగదోడరాదని శాసించింది. 1879లో తెరిచిన తలుపు బ్యాంకుల విషయంలో మూతపడింది. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై తెచ్చిన చట్టం, వడ్డీ అసలును మించరాదన్న పాత దామ్‌దుపట్ నియమాన్ని మళ్లీ శాసనంలోకి ఎక్కించింది. వేధింపులు తగ్గాయి, దానితోపాటు వసూళ్లు కుప్పకూలి, పేదస్త్రీలకు ఆ సంస్థలనుంచి కొత్త అప్పు పుట్టడమూ ఆగిపోయింది. క్రెడిట్ కార్డుల బకాయిపై సాలుకు 30 శాతం మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. పదహారేళ్ల తరువాత, 2024 డిసెంబరులో, అది రిజర్వుబ్యాంకు పరిధిలోని విషయమంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.