పట్టా అంటే కాగితమేనా?

అమ్మాయిల్ని కాలేజీలో చేర్చుకుని, పరీక్షలు రాయనిస్తే విశ్వవిద్యాలయంలో సమానత్వం వచ్చేసినట్టేనా? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సంగతి వింటే, అది మొదటి మెట్టేనని మీరే అంటారు.

ఎమిలీ డేవిస్ అనే ఆవిడ పట్టుదలవల్ల 1869లో అయిదుగురు విద్యార్థినులతో ఓ కళాశాల మొదలైంది. అదే తరవాత కేంబ్రిడ్జి దాపుకి చేరి, గిర్టన్ కళాశాల అయింది. 1881లో ఆడపిల్లలకి విశ్వవిద్యాలయం పరీక్షలు రాసే హక్కు వచ్చింది. ఫలితాల జాబితా మాత్రం వేరు! 1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే అమ్మాయి గణితంలో, మగపిల్లల్లో ప్రథముడిగా వచ్చినవాణ్ణి మించింది. ఆడవాళ్ళకి లెక్కలెక్కడ వస్తాయన్నవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి గాని, ఆమె చేతికి పట్టా రాలేదు.

ఎందుకంటారా? అక్కడ పట్టా అంటే గోడకి తగిలించుకునే కాగితం కాదు. పట్టాలు పుచ్చుకున్నవాళ్ళకి విశ్వవిద్యాలయం పరిపాలనలో వోటుండేది. చదువు చెప్పడానికి ఒప్పుకున్నవాళ్ళకి, పెత్తనం పంచడానికే మనసొప్పలేదు.

1897లో ఆడవాళ్ళ పట్టాల విషయం వోటుకి పెడితే, పాత విద్యార్థులు రైళ్ళెక్కి మరీ వచ్చి ఓడించారు. కుర్రాళ్ళు సైకిలు తొక్కుతున్న ఆడమనిషి బొమ్మని వీధిలో వేలాడగట్టి గేలిచేశారు. 1921లో, పేరుకి పట్టా ఇస్తాం, అధికారం మాత్రం ఇవ్వమన్నారు. 1939లో డొరొతీ గారడ్ పురావస్తుశాస్త్రంలో ఆచార్యురాలైంది. అక్కడ ఆచార్యపదవి పొందిన మొదటి స్త్రీ ఆవిడే. అంతటి విదుషికీ పరిపాలనలో వోటు లేదు! 1948లోగాని స్త్రీలకి పూర్తి సభ్యత్వం రాలేదు.

మన కలకత్తా విశ్వవిద్యాలయం 1883లోనే కాదంబినీ గంగూలీకీ, చంద్రముఖీ బసుకీ బి.ఏ. పట్టాలిచ్చింది. అంటే కేంబ్రిడ్జికన్నా అరవై అయిదేళ్ళ ముందన్నమాట! సంతోషమే. కాని అంతటితో పొంగిపోకూడదు. పట్టా ఇవ్వడం ఒకటి, మాట చెల్లనివ్వడం ఒకటి.

అందుకే, మీ అమ్మాయిని కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజెంత, హాస్టలు ఎలా వుంటుంది అని అడిగి వూరుకోకండి. హాస్టలు గేటు ఎన్నింటికి మూయాలో నిర్ణయించేదెవరు? ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే వినేదెవరు? పాలకమండలిలో ఆడవాళ్ళెందరు? ఇవీ అడగండి. తరగతిలో ముందు బెంచీ దొరికితే చాలదు, నియమాలు రాసే బల్లదగ్గర కుర్చీ కూడా వుండాలి.